ఇనుపగుండు, పదమూడేళ్ళ నిరీక్షణ

2023 సెప్టెంబరు 29వ తేదీ. చైనాలోని హాంగ్‌జౌ నగరంలో ఆసియా క్రీడలు జరుగుతున్నవి. స్త్రీల షాట్‌పుట్ పోటీ ముగిసినది. గెలిచిన ముగ్గురిలో మొదటిది గాంగ్ లిజియావో. వయస్సు ముప్పైనాలుగు. ఒలింపిక్ విజేత, రెండు మార్లు ప్రపంచ విజేత. ఆనాడు ఆమె గుండు 19.58 మీటర్ల దూరాన పడినది. రెండవది ఆమె దేశస్థురాలే, సాంగ్ జియాయువాన్, 18.92 మీటర్లు. మూడవ స్థానం పొందిన యువతి మాత్రం ఢిల్లీకి పొరుగున, జాతీయ రాజధాని ప్రాంతంలో ఉన్న మీరట్ నగరం నుంచి వచ్చినది. పేరు కిరణ్ బాలియాన్. తండ్రి ట్రాఫిక్ పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబులు. తన మూడవ ప్రయత్నంలో ఆమె గుండును 17.36 మీటర్లకు పంపినది. ఆ క్రీడలలో అథ్లెటిక్స్‌లో భారతదేశానికి దక్కిన తొలి పతకం అదే.

గాంగ్‌కు ఆ సాయంకాలం ఏ విశేషమూ లేదు. ఆసియా క్రీడలలో అది ఆమెకు వరుసగా మూడవ స్వర్ణం. కాని భారతదేశానికి ఆ కంచు పతకం డెబ్బదిరెండేళ్ళ తరువాత వచ్చినది. అంతకు పూర్వం స్త్రీల షాట్‌పుట్‌లో ఆసియా పతకం గెలిచిన భారత వనిత ఒక్కరే: బార్బరా వెబ్‌స్టర్. అది 1951 మార్చిలో, ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడలలో. నేడు ధ్యాన్‌చంద్ పేరు మోస్తున్న నేషనల్ స్టేడియంలో పదకొండు దేశాలవారు పాల్గొన్న ఆ క్రీడలకు చైనా రాలేదు. స్త్రీల విసురు పోటీలు మూడింటిలోనూ, అనగా గుండు, డిస్కస్, జావెలిన్‌లలో, జపాను వనిత తొయోకో యోషినో ఒక్కతే స్వర్ణాలు ఎత్తుకుపోయినది.

చైనా ఆసియా క్రీడలలో కాలు మోపినది 1974లో, టెహ్రాన్‌లో. ఆనాడు గుండు పోటీ దక్షిణ కొరియా వనిత పైక్ ఓక్‌జాదే. 1978లో బ్యాంకాక్‌లో చైనాకు చెందిన షెన్ లిజువాన్ గెలిచినది. అంతే! ఆనాటి నుంచి హాంగ్‌జౌ వరకు పన్నెండు ఆసియా క్రీడలు జరిగినవి. పన్నెండింటిలోనూ ఈ పోటీ స్వర్ణం చైనా గడప దాటి వెళ్ళలేదు. ఒక ఖండంలో ఒక ఆటపై ఒక దేశపు స్త్రీలు ఇంతకాలం ఏలుబడి సాగించడం అరుదు. ఆ ఏలుబడి తొలి రోజులను ఢిల్లీ నగరం కళ్ళారా చూచినది.

1982 నవంబరులో ఢిల్లీ నగరం పెండ్లి ఇల్లు వలె ఉన్నది. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం కొత్తగా లేచినది. ఏనుగు పిల్ల అప్పూ బొమ్మ లేని గోడ లేదు. రంగుల టెలివిజను ఆ సందర్భంలోనే దేశానికి పరిచయమైనది. దేశమంతా పరుగు పందాల మీద దృష్టి నిలిపినది. పద్దెనిమిదేళ్ళ పి.టి. ఉష రెండు రజత పతకాలు తెచ్చినది. 400 మీటర్ల హర్డిల్స్‌లో ఎం.డి. వల్సమ్మ స్వర్ణం గెలిచినది. పురుషుల షాట్‌పుట్‌లో బహదూర్ సింగ్ కూడ స్వర్ణం నిలుపుకున్నాడు. ఈ సందడిలో స్త్రీల షాట్‌పుట్ గెలిచిన ఇరవై మూడేళ్ళ చైనా యువతిని గుర్తుంచుకున్న భారతీయులు ఎందరో చెప్పలేము. ఆమె పేరు లీ మెయిసు. ఆ క్రీడలలోనే చైనా 61 స్వర్ణాలతో జపానును (57) తొలిసారి వెనుకకు నెట్టినది. ఆ అరువదియొక్క స్వర్ణాలలో ఒకటి లీ మెయిసుది.

రెండేళ్ళ తరువాత లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆమె 17.96 మీటర్లతో అయిదవ స్థానంలో ఉన్నది. మరి నాలుగేళ్ళకు, 1988లో సియోల్‌లో, 21.06 మీటర్లతో కంచు పతకం అందుకున్నది. రజతం తూర్పు జర్మనీకి చెందిన కాథ్రిన్ నైమ్‌కేది, 21.07 మీటర్లు. తేడా ఒక్క సెంటీమీటరు! గోటి వెడల్పు. అదే సంవత్సరం ఏప్రిల్ 23న హెబే రాష్ట్ర రాజధాని శిజియాజువాంగ్‌లో లీ మెయిసు గుండు 21.76 మీటర్లు పోయినది. ఆ ఆసియా రికార్డును అటుపై ఎవరూ చెరపలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. 1980ల నాటి ఈ అంకెలు నేటి అంకెల కంటె ఎంతో పెద్దవి. సోవియట్ వనిత నటాల్యా లిసోవ్‌స్కాయా 1987లో నెలకొల్పిన 22.63 మీటర్ల ప్రపంచ రికార్డు దరిదాపులకు ఈ శతాబ్దంలో ఎవ్వరూ పోలేదు. శిక్షణ పద్ధతులు, ఆహారం, వైద్యం అన్నీ మెరుగైనా దూరాలు తగ్గినవి. ఎందుచేత? పోటీలు లేని రోజులలో ఆకస్మికంగా వచ్చి మూత్ర పరీక్ష చేసే ఏర్పాటు ఆ దశకంలో సరిగా లేదు. బెర్లిన్ గోడ కూలిన పిమ్మట బయటపడిన కాగితాలలో, తూర్పు జర్మనీ ప్రభుత్వమే తన క్రీడాకారిణులకు కండలు పెంచే హార్మోను మందులు ఇప్పించినట్లు తేలినది. ఆ కాలపు అంకెలలో ఏది ఎంత స్వచ్ఛమో నేడు ఏ త్రాసులోనూ తూచలేము. గాంగ్ లిజియావో జీవితగాథకు ఈ నీడ ఎంత ముఖ్యమో ముందు తెలియగలదు.

లీ మెయిసు తరువాత హువాంగ్ జిహాంగ్ వచ్చినది. 1991లో టోక్యోలోనూ, 1993లో స్టుట్‌గార్ట్‌లోనూ ప్రపంచ విజేత. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో రజతం. ఆమె తరువాత సుయి షిన్‌మెయ్, 1996 అట్లాంటాలో రజతం. కంచు ఒకటి, రజతాలు రెండు. ఒలింపిక్ స్వర్ణం మాత్రం ఎండమావి వలె ముందుకు జరిగిపోతూనే ఉన్నది.

లీ మెయిసు తన రికార్డు నెలకొల్పిన తొమ్మిది నెలలకు, 1989 జనవరి 24న, అదే శిజియాజువాంగ్ ప్రాంతంలో గాంగ్ లిజియావో జన్మించినది. చైనాలో క్రీడాకారిణి తయారయ్యే దారి ఒక నిచ్చెన వంటిది. జిల్లా స్థాయిలో క్రీడా పాఠశాల, దానిపై నగరం, దానిపై రాష్ట్ర జట్టు, ఆపైన జాతీయ జట్టు. రాష్ట్ర జట్టులో చేరినవారికి జీతం, వసతి, శిక్షకుడు అన్నీ ప్రభుత్వానివే. నాలుగేళ్ళకొకసారి జరిగే జాతీయ క్రీడలలో రాష్ట్రాలు పతకాల కోసం హోరాహోరీ పోరాడుతవి గనుక, పల్లెలలో భుజబలం గల పిల్లను కనిపెట్టడం క్రీడాధికారులకు ఉద్యోగధర్మం. ఈ పద్ధతిలో కాఠిన్యం ఉన్నది. బాల్యాన్ని బలిగొంటుందనే విమర్శా ఉన్నది. అయినా ఒక మెట్టు మీది వనిత దిగిపోయేసరికి మరొకతె ఎక్కి ఉంటుంది.

గాంగ్ పద్ధతి పాతది. తెలుగులో మనం గుండు విసరడం అంటాము గాని, ఆట నియమం ప్రకారం విసరరాదు. మెడకు ఆనించి, భుజం మీద నుంచి నెట్టవలె. చేయి భుజం వెనుకకు జారితే ఆ ప్రయత్నం చెల్లదు. స్త్రీల గుండు బరువు నాలుగు కిలోలు. నిలబడే వలయం అడ్డుకొలత 2.135 మీటర్లు, నలుగురు కూర్చుని భోంచేసే చాపంత చోటు. పడవలసిన దిక్కుకు వీపు పెట్టి, కుడికాలి మీద కుంగి, ఎడమకాలిని వెనుకకు తన్ని, వలయమంతా ఒక్క జారుడులో దాటి, ముందరి కొయ్యదిమ్మె దగ్గర ఒక్కసారిగా నడుము తిప్పి నెట్టడం ఒక రీతి. దీనిని గ్లైడ్ అంటారు. డిస్కస్ విసిరేవారి వలె గిర్రున తిరిగి వదలడం రెండవ రీతి. ఈ మధ్య పోటీదారులలో ఎక్కువమంది తిరిగే రీతికి మారినారు. అందులో వేగం అధికం. కాలు ఒక్క అంగుళం తప్పితే వలయం బయట పడే ప్రమాదమూ అధికమే. గాంగ్ కడదాకా జారుడునే నమ్ముకున్నది.

ఇరవై మీటర్లు పోవాలంటే చేతిని వీడే క్షణంలో గుండు వేగం సెకనుకు పదమూడు మీటర్లకు మించి ఉండవలె. వదిలే కోణం, పాఠశాల పుస్తకంలో చెప్పిన నలభై అయిదు డిగ్రీలు కాదు. ముప్పై అయిదు నుంచి నలభై లోపు. గుండు నేల మీద నుంచి గాక మనిషి తల ఎత్తు నుంచి బయలుదేరుతుంది గనుక ఒక కారణం; మరీ పైకి నెట్టబోతే భుజం బలం చాలదు గనుక రెండవ కారణం. అది గాలిలో ఉండేది రెండు సెకన్ల లోపే. ఆ రెండు సెకన్ల కొరకు పది, పదిహేనేళ్ళ సాధన!

2008 ఆగస్టు. బీజింగ్ ఒలింపిక్స్. స్వదేశంలో, నిండిన స్టేడియంలో పంతొమ్మిదేళ్ళ గాంగ్ 19.20 మీటర్లు పంపి అయిదవ స్థానంలో నిలిచినది. స్వర్ణం న్యూజీలాండ్‌కు చెందిన వాలెరీ ఆడమ్స్‌ది. ఆనాటి ఆమె పేరు వాలెరీ విలి. రజతం, కంచు రెండూ బెలారుస్ వనితలవి: నటాల్లియా మిఖ్నెవిచ్, నడ్జేయా ఒస్టాప్‌చుక్. గాంగ్ ఇంటికి వెళ్ళిపోయినది. దాచి ఉంచిన ఆనాటి నమూనాలను ఎనిమిదేళ్ళ తరువాత కొత్త యంత్రాలతో మరల పరీక్షించగా బెలారుస్ వనితలిద్దరూ నిషిద్ధ మందులు వాడినట్లు రుజువైనది. నాలుగవ స్థానంలోని క్యూబా వనిత మిస్లైదిస్ గొంజాలెస్ రజతానికీ, అయిదవదైన గాంగ్ కంచుకూ ఎక్కినారు.

2012 లండన్ ఒలింపిక్స్ కథ మరీ విచిత్రం. గాంగ్ గుండు 20.22 మీటర్లు పోయినది. ఆనాటి లెక్కలో నాలుగవ స్థానం. స్వర్ణం అందుకున్న ఒస్టాప్‌చుక్ మందు వాడినట్లు క్రీడలు ముగిసిన మరునాడే ప్రకటించినారు. నాలుగవ స్థానం కంచు అయినది. మరి నాలుగేళ్ళకు రష్యా వనిత యెవ్గెనియా కొలోద్కో నమూనా కూడ దోషమని తేలినది. కంచు రజతమైనది. స్టేడియంలో నిలబడి ఉండగా ఆమె నాలుగవది. ఇంట్లో కూర్చుని ఉండగా రెండవది.

న్యాయం జరిగినదనవచ్చు. కాని ఎంత న్యాయం? జనం లేచి నిలబడిన ఆ సాయంత్రం ఆమెది కాలేదు. జాతీయ పతాకం పైకి లేస్తుండగా చూచే భాగ్యం ఆమెది కాలేదు. పంతొమ్మిదేళ్ళప్పుడు రావలసిన పతకం ఇరవై ఏడేళ్ళు దాటిన తరువాత వచ్చినది. బజారులో పోయిన సొమ్మును పోలీసులు తిరిగి ఇప్పించగలరు. పోయిన పండుగను ఎవరిప్పించగలరు?

ఇది ఒకవైపు. మరొకవైపు, దొంగలు లేని చోట కూడ ఆమె ఓడుతూనే ఉన్నది. 2009 బెర్లిన్ ప్రపంచ పోటీలలో కంచు. 2011 దేగూలో 19.97 మీటర్లు, కంచు అయిదు సెంటీమీటర్ల దూరంలో జారినది. 2013 మాస్కోలో మరల కంచు. 2015లో ప్రపంచ పోటీలు బీజింగ్‌కే వచ్చినవి, గాంగ్ 20.30, జర్మన్ వనిత క్రిస్టీనా ష్వానిట్జ్ 20.37. ఏడు సెంటీమీటర్లు. 2016 మే నెలలో జర్మనీలోని హాలెలో గాంగ్ 20.43 మీటర్లు పంపినది. ఈసారి తప్పదనుకున్నారు. ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో ఆమె గుండు 19.39 దాటలేదు. నాలుగవ స్థానం. ఆనాడు రజతానికి సరిపోయిన దూరం 20.42! మూడు నెలల క్రితపు తన దూరాన్ని మరల చేరగలిగి ఉంటే ఒక్క సెంటీమీటరుతో రజతం ఆమెదయ్యేది. సియోల్‌లో లీ మెయిసును వెక్కిరించిన సెంటీమీటరే రియోలో మరల కనబడినట్లున్నది.

పెద్ద పోటీలలో బిగుసుకుపోతుందన్న పేరు ఆమెకు అంటుకోవడానికి ఇంతకంటె ఏమి కావాలి? ఆ పేరు సరి కాదని 2017లో తేలినది. ప్రసవానికి సిద్ధమవుతున్న ఆడమ్స్ ఆ ఏడు పోటీలకు రాలేదు. లండన్‌లో, తాను నాలుగవదై వెనుదిరిగిన నగరంలోనే, గాంగ్ 19.94 మీటర్లతో ప్రపంచ విజేత అయినది. 2019లో దోహాలో 19.55 మీటర్లతో ఆ బిరుదు నిలుపుకున్నది. ఈసారి గెలుపు ఎనిమిది సెంటీమీటర్లతో. ఇన్నాళ్ళూ ఎదురుతిరిగిన సెంటీమీటర్లు ఇప్పుడు చుట్టాలైనవి.

టోక్యో ఒలింపిక్స్ మహమ్మారి వలన ఒక ఏడు వాయిదా పడినవి. 2021 ఆగస్టు 1న, ప్రేక్షకులు లేని స్టేడియంలో ముప్పైరెండేళ్ళ గాంగ్ తన నాలుగవ ఒలింపిక్స్ వలయంలో దిగినది. అయిదవ ప్రయత్నంలో 20.53 మీటర్లు, తన జీవితంలో అంతవరకు పోనంత దూరం. స్వర్ణం ఖాయమైనట్లే. ఆరవది చేయకపోయినా ఫరవాలేదు. ఆమె చేసినది. 20.58. అమెరికాకు చెందిన రేవెన్ శాండర్స్ 19.79తో రజతం, ఇద్దరు బిడ్డల తల్లియైన వాలెరీ ఆడమ్స్ 19.62తో కంచు పొందినారు. షాట్‌పుట్‌లో ఆసియా ఖండానికి అది మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం. బీజింగ్ నుంచి టోక్యోకు పదమూడేళ్ళు.

ఇంత కష్టించి గెలిచిన స్త్రీని చైనా ప్రభుత్వ టెలివిజను విలేఖరి ఏమి అడిగినది? ఆమె చూపులకు మగరాయుని వలె ఉంటుందన్న మాట ప్రస్తావించి, ఇక స్త్రీగా తన జీవితాన్ని ఎట్లా మలచుకోదలచినదని అడిగినది. పైకి మోటుగా కనిపించినా లోపల తాను ఆడపిల్లనేనని గాంగ్ చెప్పుకోవలసి వచ్చినది. ప్రియునితో చేతికుస్తీ పడతావా అన్న ప్రశ్న కూడ వచ్చినది. తాను చాల సుకుమారినని ఆమె నవ్వుతూ బదులు చెప్పినది. చైనా ప్రజలు, ముఖ్యంగా యువతులు, ఈ ప్రశ్నలపై మండిపడినారు. ఒలింపిక్ విజేతను గురించి మాట్లాడడానికి పెండ్లి తప్ప వేరు విషయం దొరకలేదా అని నిలదీసినారు.

తెలుగువారికి ఈ మాట కొత్తది కాదు. బరువు ఎత్తే ఆడపిల్లను మగరాయుడని మనమూ అంటాము. శ్రీకాకుళం జిల్లా నుంచి బయలుదేరిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో ఇనుము ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ అయిన తరువాతనే ఆ మాట కొంత తగ్గినది. ఆ మల్లీశ్వరినే 2021లో, గాంగ్ స్వర్ణం గెలిచిన ఏటనే, ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా నియమించినారు.

స్వర్ణం వచ్చిన తరువాత చాలమంది విశ్రమిస్తారు. గాంగ్ విశ్రమించలేదు. 2022లో యూజీన్ ప్రపంచ పోటీలలో 20.39 మీటర్లతో రజతం. అమెరికా వనిత చేజ్ ఈలీకి పది సెంటీమీటర్ల వెనుక. 2023 ఆగస్టులో బుడాపెస్ట్‌లో కంచు. ఆ మరు నెలలోనే హాంగ్‌జౌ.

కిరణ్ బాలియాన్ ఊరు మీరట్‌కూ ఈ ఇనుపగుండుకూ వేరే బంధుత్వం ఉన్నది. దేశవిభజన కాలంలో సియాల్‌కోట్ నుంచి తరలివచ్చిన పనివారు ఆ నగరంలో క్రీడాసామగ్రి పరిశ్రమను పెంచినారు. క్రికెట్ బ్యాట్లే గాక, షాట్‌పుట్ గుండ్లు, డిస్కస్‌లు, జావెలిన్లు కూడ అక్కడ తయారై విదేశాలకు పోతవి. గుండ్లు ఎగుమతి చేసే ఊరు వాటిని దూరంగా పంపగల పిల్లను తయారు చేయడానికి ఇంతకాలం పట్టినది. మీరట్‌లోని కైలాస్ ప్రకాశ్ స్టేడియంలో కిరణ్ సాధన చేసినది. హాంగ్‌జౌలో ఆమె ఒక్కతే కాదు, మీరట్ జిల్లా పల్లెల నుంచి వచ్చిన పారుల్ చౌధరి 5000 మీటర్ల పరుగులోనూ, అన్నూ రాణి జావెలిన్‌లోనూ ఒకే రోజున, అక్టోబరు 3న, స్వర్ణాలు గెలిచినారు. చైనాలో ఉన్నటువంటి నిచ్చెన వీరికి లేదు. స్టేడియంలో పట్టుదల గల ఒక శిక్షకుడు, ఇంట్లో చేయి పట్టుకుని వెంట నడిచే తండ్రి లేక అన్న, తరువాత రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం, ఇవే వీరి మెట్లు. ఒక్కటి విరిగితే రెండవది లేదు.

గాంగ్‌కూ కిరణ్‌కూ నడుమ ఆనాటి తేడా 2.22 మీటర్లు. షాట్‌పుట్‌లో అది చిన్న దూరం కాదు. 2024 మే నెలలో భువనేశ్వర్‌లో ఆభా ఖతువా 18.41 మీటర్లతో కొత్త భారత రికార్డు నెలకొల్పి ఆ తేడాను కొంత పూడ్చినది.

ఆ సంవత్సరమే ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్. గాంగ్‌కు అయిదవ ఒలింపిక్స్. వయస్సు ముప్పై అయిదు. ఈసారి పతకం రాలేదు. జర్మనీకి చెందిన యెమిసి ఒగున్‌లెయె తన చివరి ప్రయత్నంలో సరిగ్గా 20.00 మీటర్లు పంపి స్వర్ణం గెలిచినది. కంచు పతకం 19.32 మీటర్లతో చైనాకే పోయినది. అందుకున్నది హాంగ్‌జౌలో గాంగ్ తరువాత రెండవ స్థానంలో నిలిచిన సాంగ్ జియాయువాన్.